మైనపు బొమ్మలకు దక్కిన గౌరవం

"ఏదో ఒకటి రాసివ్వండి సార్, మీరు పాత విద్యార్థులు కదా" అని సంఘం పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చి అడిగారు. పాత విద్యార్థి అనగానే "మా రోజుల్లో..." అని మొదలుపెట్టి నీతులు చెబుతాడేమోనని చదివేవాళ్ళకి అనుమానం వుంటుంది. ఆ అనుమానం పూర్తిగా అబద్ధం కాదు. అయితే ఈసారి నేను రాయబోయేది ఓ గ్రామఫోను రికార్డు గురించి. బీటిల్స్ అనే నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్ళు 1967లో విడుదల చేసిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' అనే ఎల్.పి. గురించి. ఇంగ్లీషు పాటలతో మనకేం పని అనుకునేవాళ్ళు దయచేసి పేజీ తిప్పెయ్యకండి. ఆ రికార్డుకీ, మీ చేతిలో వున్న ఈ సంచికకీ ఒక సంబంధం వుంది. అదేమిటో చివర్లో మనవి చేసుకుంటాను.

నేను ఇక్కడ ఎం.ఏ. చదివింది 1979-81లో. హాస్టల్లో పక్కగది మిత్రుడి మేనమామ ఓడలో పనిచేసేవాడు. ఆయన తెచ్చిచ్చిన రికార్డుల్లో ఇదొకటి. రికార్డైతే వుంది గాని ప్లేయరు ఎవరి దగ్గరా లేదు! అందుచేత మొదటి నెలరోజులూ మేం దాన్ని వినలేదు, చూశాం. అట్ట నిండా జనం. రంగు రంగుల బ్యాండుమేళం దుస్తుల్లో నలుగురూ ముందు నిలబడి వుంటే, వెనక గ్రూపు ఫోటోలో లాగా ఎవరెవరో మహానుభావులు. అట్ట వెనకవైపు పాటలన్నీ అచ్చువేసి వున్నాయి. సినిమాహాలు దగ్గర పాటల పుస్తకాలు కొనుక్కున్న మాకు అది వింత కాదు గాని, రాక్ రికార్డు మీద పాటలన్నీ పూర్తిగా అచ్చువెయ్యడం అదే మొదలని తర్వాత తెలిసింది.

చివరికి ఓ లెక్చరర్ గారింట్లో ప్లేయరు వుందని తెలిసి, ఆదివారం పొద్దున్నే అయిదుగురం వెళ్ళాం. అమ్మగారిచ్చిన కాఫీ తాగి, చాపమీద కూర్చుని విన్నాం. మొదటిసారి నాకు ఒక్క ముక్క అర్థం కాలేదని ఒప్పుకుంటాను. అయినా రెండో వైపు అయిపోయాక లేవబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఆ ఇంటికి ఎన్ని ఆదివారాలు వెళ్ళామో లెక్కలేదు.

ఆ రికార్డు పుట్టుక గురించి కాస్త చెప్పాలి. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో కచేరీ చేశాక బీటిల్స్ ఊళ్ళు తిరగడం మానేశారు. అభిమానుల కేకల్లో వాళ్ళ పాట వాళ్ళకే వినపడేది కాదు మరి! ఆ నవంబరులో లండన్‌లోని ఆబీరోడ్డులో ఇ.ఎం.ఐ. వారి స్టూడియోలో దూరినవాళ్ళు ఏప్రిల్ దాకా బయటికి రాలేదంటే అతిశయోక్తి కాదు. 1963లో వాళ్ళ మొదటి ఎల్.పి.లో చాలా పాటలు ఒక్కరోజులో రికార్డయ్యాయి. దీనికి దాదాపు 700 గంటలు పట్టింది. వాళ్ళ దగ్గరున్నది నాలుగు ట్రాకుల టేపు యంత్రం. నాలుగూ నిండగానే వాటిని కలిపి ఇంకో యంత్రం మీదికి ఎక్కించి, ఖాళీ అయిన ట్రాకుల మీద మళ్ళీ కొత్తవి చేర్చేవారు. ఇవాళ మీ జేబులోని ఫోనులో అంతకు ఎన్నో రెట్లు సదుపాయం వుంది.

అంతవరకూ స్టూడియో అంటే పాటని భద్రంగా పట్టివుంచే చోటు. వీళ్ళు ఆ స్టూడియోనే ఒక వాయిద్యంలాగా వాడుకున్నారు. ఇది వాళ్ళ సొంత ఆలోచనేనని అనను. అమెరికాలో బీచ్ బాయ్స్ 1966లోనే 'పెట్ సౌండ్స్' అనే రికార్డుతో ఆ దారి తొక్కారు. అది విని తనకు పట్టుదల పుట్టిందని పాల్ మెకార్ట్నీ స్వయంగా చెప్పుకున్నాడు. కాని ఊరంతా ఆ దారి పట్టేట్టు చేసింది మాత్రం పెప్పరే. ఎల్.పి. అంటే విడివిడి పాటల మూట అన్న అభిప్రాయం పోయి, మొదటినుంచి చివరిదాకా కూర్చుని వినవలసిన కృతి అన్న గౌరవం వచ్చింది. అదే నెలల్లో, అదే భవనంలో పింక్ ఫ్లాయిడ్ అనే కొత్త బృందం తన మొదటి ఎల్.పి. తయారు చేసుకుంటోంది. 1968లో గ్రామీ బహుమతుల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బంగా పెప్పర్‌ని ఎన్నుకున్నారు. రాక్ రికార్డుకి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం.

చివరి పాట 'ఎ డే ఇన్ ది లైఫ్' సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1967 ఫిబ్రవరి 10 రాత్రి 40 మంది వాద్యకారుల్ని పిలిపించారు. అందరూ సింఫనీల్లో ఆరితేరిన పెద్దమనుషులు. దర్జాగా సూట్లు వేసుకొచ్చిన వాళ్ళకి తమాషా టోపీలూ, ఉత్తుత్తి ముక్కులూ తగిలించారు. నిర్మాత జార్జ్ మార్టిన్ వాళ్ళకి అప్పగించిన పని ఇదీ: 24 బార్ల వ్యవధిలో మీ వాయిద్యంలోని అతి కింది స్వరం నుంచి పై స్వరం దాకా ఎక్కాలి. దారి ఎవరిది వారిదే. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో మాత్రం వినకూడదు! జన్మంతా పక్కవాడితో కలిసి వాయించడమే నేర్చుకున్న వాళ్ళకి అదెంత కష్టమో ఆలోచించండి. ఆ హోరు ఆగాక మూడు పియానోల మీదా, ఒక హార్మోనియం మీదా ఒక్కసారి నొక్కిన కార్డు 40 సెకన్లకి పైగా మోగుతూ పోతుంది. చప్పుడు సన్నగిల్లే కొద్దీ మైకుల శక్తి పెంచుకుంటూ పోయారు. చెవి పెట్టి వింటే చిట్టచివర స్టూడియోలో ఓ కుర్చీ కిర్రుమనడం కూడా వినిపిస్తుంది. గుళ్ళో గంట కొట్టి, దాని మోత పూర్తిగా పోయేదాకా అక్కడే నిలబడిపోయినట్టు వుంటుంది నా మటుకు నాకు.

దీన్ని 'సైకిడెలిక్' సంగీతం అంటారు. ఆ మాట వినగానే మత్తుమందు అనుకునేవాళ్ళు కద్దు. ఆ రోజుల్లో వాళ్ళు ఎల్.ఎస్.డి. పుచ్చుకున్న మాట నిజమే. మెకార్ట్నీ 1967లోనే టెలివిజన్‌లో ఒప్పుకున్నాడు. మాదకద్రవ్యాల ప్రస్తావన వుందని ఆ చివరి పాటని బి.బి.సి. నిషేధించింది కూడా. కాని రాత్రింబవళ్ళు టేపు ముక్కలు కోసి అతికించే ఓపిక మత్తు ఇవ్వలేదు, పని మీది శ్రద్ధే ఇచ్చిందని నేను నమ్ముతాను. మన సంగీతానికీ మత్తుకీ ముడిపెట్టినవాళ్ళని రవిశంకర్ గారు గట్టిగా మందలించిన సంగతి కూడా మన కుర్రాళ్ళు తెలుసుకోవాలి.

ఇక అసలు విషయంలోకి వస్తాను. ఈ రికార్డులో రెండు పాటల్ని పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి, మొదటి వైపు చివర్లో వచ్చే సర్కస్ పాట. 1967 జనవరిలో జాన్ లెనన్ సెవెనోక్స్ అనే ఊళ్ళో పాతసామాన్ల దుకాణంలో ఒక సర్కస్ పోస్టరు కొన్నాడు. అది 1843లో రాచ్‌డేల్ అనే ఊళ్ళో జరిగిన ఆటది. సర్కస్ యజమాని పాబ్లో ఫాంక్, నల్లజాతివాడు. ఆ పోస్టరులో అచ్చయిన కైట్, హెండర్సన్ మొదలైన ఆటగాళ్ళ పేర్లే పాటలో దిగాయి. సర్కస్ డేరాలో రంపపు పొట్టు వాసన రావాలి అన్నాడట లెనన్. దానికోసం పాత ఆర్గన్ సంగీతం టేపులు ముక్కలుగా కోసి, పైకి ఎగరేసి, చేతికందినది అందినట్టు అతికించారు! ఆ సంగతి అలా వుంచండి. 1843లో ఎవరో కంపోజిటరు ఆ పేర్లు అచ్చులో కూర్చాడు. అందువల్ల 124 ఏళ్ళ తర్వాత ఆ సర్కస్ వాళ్ళు ప్రపంచమంతా తెలిసిపోయారు. పేరు అచ్చులో వుండటానికి వున్న బలం అది.

రెండోది, రెండో వైపు మొదటి పాట, జార్జ్ హారిసన్ రాసిన 'విదిన్ యూ వితౌట్ యూ'. మిగతా ముగ్గురు బీటిల్స్ ఇందులో పాడలేదు, వాయించలేదు. లెక్చరర్ గారింట్లో ఈ పాట మొదలవగానే వంటింట్లోంచి అమ్మగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇది హరికాంభోజిలా వుందే!" అన్నారు. ఆవిడ అన్నది నిజమే. హిందుస్తానీ వారి ఖమాజ్ థాట్ స్వరాలవి, మన లెక్కలో 28వ మేళం. తబలా మీద 16 మాత్రల తీన్‌తాళం నడుస్తుంది. మధ్యలో వాయిద్యాలు మాత్రమే వచ్చేచోట 10 మాత్రల ఝప్‌తాళానికి మారుతుంది. దిల్‌రుబాలు, స్వరమండల్, తంబురా, తబలా... ఇవన్నీ 1967 మార్చి 15న లండన్‌లో, ఆ స్టూడియోలోనే మనవాళ్ళు కూర్చుని వాయించినవి. కన్నడ దేశం నుంచి వెళ్ళి స్థిరపడిన అయన అంగడి, ఆయన భార్య ప్యాట్రీషియా కలిసి లండన్‌లో 1946లో ఏషియన్ మ్యూజిక్ సర్కిల్ అనే సంస్థ పెట్టారు. వాద్యకారులు ఆ సంస్థ ద్వారా వచ్చినవాళ్ళు. ఆ తర్వాత ఏప్రిల్ 3న 8 వయొలిన్లు, 3 చెల్లోలు చేర్చారు. దిల్‌రుబాలో జారుడుని వాటిమీద పలికించడానికి మార్టిన్ చాలా అవస్థ పడ్డాడు. ద్వారం వారి వయొలిన్ విన్న మనకి గమకం కొత్తకాదు గాని, సింఫనీల్లో వాయించేవాళ్ళకి అది కొత్తే.

ఇప్పుడు అట్ట చూద్దాం. దాన్ని రూపొందించినవాళ్ళు పీటర్ బ్లేక్, అప్పట్లో ఆయన భార్య జ్యాన్ హావర్త్. ఫోటో తీసింది మైకేల్ కూపర్, 1967 మార్చి 30న. మామూలుగా 50 పౌండ్లలో అయిపోయే అట్టకి దాదాపు 3,000 పౌండ్లు ఖర్చయిందట. ఆ గుంపులో మార్క్స్ వున్నాడు, ఐన్‌స్టీన్ వున్నాడు, బాక్సర్ లిస్టన్ వున్నాడు. హారిసన్ కోరిక మీద మన యోగులు నలుగురు వున్నారు - మహావతార్ బాబాజీ, లాహిరీ మహాశయులు, యుక్తేశ్వర్ గిరి, పరమహంస యోగానంద. ముందు పూలమొక్కల దగ్గర లక్ష్మీదేవి బొమ్మ కూడా వుంది. గాంధీగారి బొమ్మా పెట్టారు. ఇండియాలో జనం నొచ్చుకుంటారని ఇ.ఎం.ఐ. పెద్ద పట్టుబట్టి ఆయన్ని తీయించాడు. మన దేశంలో కుక్కబొమ్మ రికార్డులు అమ్మే కంపెనీ అప్పట్లో వాళ్ళదే కదా, ఆ మాత్రం జాగ్రత్త వుండేది!

చూశారా, మన మనసు నొచ్చుకుంటుందేమోనని అంత ఆలోచించారు. మరి అట్ట వెనక్కి తిప్పండి. పాటల కింద చిన్న అక్షరాల్లో పేర్లుంటాయి. నిర్మాత మార్టిన్. అలంకరణ బ్లేక్, హావర్త్. ఫోటో కూపర్. ఆ తర్వాత, మైనపు బొమ్మలు మదాం టుస్సాడ్ వారివి అని వుంది! గుంపులో కొన్ని బొమ్మలు ఆ ప్రదర్శనశాల నుంచి అరువు తెచ్చుకున్నారు, వాళ్ళకి గౌరవంగా పేరు వేశారు. దిల్‌రుబా ఎవరు వాయించారు? లేదు. తబలా ఎవరు? లేదు. హార్ప్ వాయించిన షీలా బ్రాంబర్గ్ గారి పేరు లేదు. ఆ 40 మంది వాద్యకారుల పేర్లు లేవు. ధ్వని కూర్చిన ఇంజినీరు జెఫ్ ఎమెరిక్‌కి ఇదే రికార్డుకి గ్రామీ బహుమతి వచ్చింది గాని, అట్టమీద ఆయన పేరూ లేదు.

కాబట్టి తెల్లవాళ్ళు కావాలని మనవాళ్ళ పేర్లు దాచారని నేను అనడం లేదు. తెల్లవాళ్ళ పేర్లూ దాగిపోయాయి. అది అప్పటి ఆనవాయితీ. మన సినిమా రికార్డుల లేబుళ్ళు చూడండి. గాయకులు, కవి, సంగీత దర్శకుడు వుంటారు. ఆ వేణువు ఎవరిదో, ఆ వీణ ఎవరిదో వుండటం బహు అరుదు. అయితే ఒక తేడా మాత్రం వుంది. సింఫనీ వాళ్ళ పేర్లు స్టూడియో కాగితాల్లో మిగిలాయి. తర్వాత పుస్తకాలు రాసినవాళ్ళకి అవి దొరికాయి. మనవాళ్ళ పేర్లు ఆ కాగితాల్లో కూడా లేకపోయాయి. అర్ధ శతాబ్దం గడిచాక, 2017లో, కొందరు పనిగట్టుకుని వెతికితే నలుగురి పేర్లు బయటికొచ్చాయి. దిల్‌రుబాలు అన్నా జోషీ, అమృత్ గజ్జర్. తంబురా బుద్ధదేవ్ కన్సారా. తబలా నట్వర్ సోనీ. ఈ సంచికలోనైనా ఆ నాలుగు పేర్లూ అచ్చులో వుండాలని ఇక్కడ రాస్తున్నాను.

"డబ్బు పుచ్చుకున్నారు కదా, ఇంకా పేరు కూడా కావాలా?" అని ఒక మిత్రుడు వాదించాడు. షీలా బ్రాంబర్గ్ తనకి ముట్టింది 9 పౌండ్లని తర్వాత చెప్పుకున్నారు. పోనీ 900 ముట్టాయనే అనుకుందాం. డబ్బు ఆ పూట పనికి చెల్లిపోతుంది. ఆ పాట మాత్రం ఇంకా అమ్ముడవుతూనే వుంది. "నాలుగు వందలమంది పేర్లు వేసుకుంటూ కూర్చుంటే ఎవరు చదువుతారు?" అని ఇంకో వాదన. అందరూ చదవరు. ఆ మనిషి చదువుకుంటాడు, అతని పిల్లలు చదువుకుంటారు. మైనపు బొమ్మలవాళ్ళకి దొరికిన ఒక్క గీత చోటు తబలాకి దొరకదా?

తప్పు దిద్దుకున్నవాళ్ళూ వున్నారు. అట్టమీద ఆడవాళ్ళు మరీ తక్కువని జ్యాన్ హావర్త్ గారే తమ పనిని విమర్శించుకుని, 2004లో అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీలో ఒక గోడమీద కొత్త మనుషులతో కొత్త పెప్పర్ చిత్రం మొదలుపెట్టారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. అందుకే నా తప్పు కూడా చెప్పుకుంటాను.

1980లో మా సంఘం సంచికకి నేను సంపాదకవర్గంలో వున్నాను. ఆ ఏడు వార్షికోత్సవానికి పాటలు, ఓ సంగీత నాటిక వేశాం. ఊళ్ళో నాటక సమాజాలకి వాయించే ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకాయన హార్మోనియం, ఒకాయన తబలా, పదిహేను రోజులు సాయంత్రాలు వచ్చి మాతో కూర్చున్నారు. మేం శ్రుతి తప్పితే నవ్వలేదు, తాళం తప్పితే విసుక్కోలేదు. సంచికలో పాడినవాళ్ళ పేర్లు, వేషాలు వేసినవాళ్ళ పేర్లు ఫోటోలతో సహా వేశాం. చివరి పేజీలో కృతజ్ఞతలు చెప్పాం. ప్రిన్సిపాల్ గారికి, ప్రకటనలిచ్చిన వర్తకులకి, షామియానా, కుర్చీలు, మైకుసెట్టు సరఫరా చేసినవారికి. వాయించిన ఇద్దరి పేర్లూ లేవు! ఎవరూ కావాలని తీసెయ్యలేదు. ప్రూఫులు దిద్దినవాణ్ణి నేనే. మరిచిపోయాను, అంతే.

సంచిక వచ్చాక తబలా ఆయన ఆఫీసుకొచ్చి ఓ కాపీ అడిగారు. నిలబడే పేజీలన్నీ తిప్పారు. చివరి పేజీ కూడా చదివారు. "బాగా వేశారు బాబూ" అని, చేతిసంచీలో పెట్టుకుని వెళ్ళిపోయారు. అప్పటికి నాకు తట్టలేదు. తర్వాత కొద్దిరోజులకి లెక్చరర్ గారింట్లో ఆ రికార్డు అట్ట వెనక్కి తిప్పి, మైనపు బొమ్మల గీత చదువుతుంటే తట్టింది. అదే ఊళ్ళో వున్నాం. వెళ్ళి క్షమాపణ చెప్పుకోవచ్చు. పరీక్షలన్నాం, సెలవులన్నాం, వెళ్ళలేదు.

ఈ వ్యాసం రాయడానికి ముందు ఆయన పేరు వేద్దామని అప్పటి మిత్రులకి ఫోన్లు చేశాను. ఏ పాటలు పాడామో అందరికీ గుర్తుంది. ఎవరు ఎక్కడ తప్పు పాడారో కూడా గుర్తుంది. ఆయన పేరు మాత్రం ఒక్కరికీ గుర్తులేదు. "తబలా మాస్టారు" అనేవాళ్ళం, అంతే. సంచికలో వెతుకుదామా అంటే, దాన్ని దిద్దింది నేనే కదా!

2003లో ఒక ప్రఖ్యాత అమెరికా పత్రిక పెప్పర్‌ని ప్రపంచంలోకెల్లా మొదటి ఆల్బంగా లెక్కకట్టింది. 2020లో అదే పత్రిక దాన్ని 24వ స్థానానికి దింపింది. స్థానాలు అలాగే మారుతుంటాయి, వాటితో నాకు పేచీ లేదు. సంగీతంగా అది గొప్ప రికార్డు అని ఇప్పటికీ అంటాను. కాని దాని అట్ట వెనకవైపు నాకు నేర్పిన పాఠం ముందువైపు నేర్పినదానికన్నా పెద్దది.

కనుక సంఘం పిల్లలకి నా మనవి ఒక్కటే. ఈ సంచిక చివర ఒక్క పేజీ కేటాయించండి. వేదిక కట్టినవాళ్ళు, వాయించినవాళ్ళు, మెస్సులో ఆ రాత్రి వెయ్యిమందికి వండినవాళ్ళు, ఈ అక్షరాలు కంప్యూటరులో కూర్చినవాళ్ళు - అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా అడిగి రాసుకోండి. తప్పుల్లేకుండా దిద్దండి. చోటు చాలకపోతే నా వ్యాసంలో ఓ పేరా కొట్టెయ్యండి, నేనేమీ అనుకోను.